ఎనిమిదో నంబరు సూది

ఈ సంగతి మా వారికి కూడా పూర్తిగా చెప్పలేదు. చెప్పక తప్పనంత వరకు చెప్పి మిగతాది మింగేశాను. మీకైతే చెప్పొచ్చు. "నాకు తెలుసులే" అనుకుని ఒక పనిలోకి దిగి, తర్వాత నాలుక కరుచుకున్న రోజు మీకూ ఒకటి ఉండే ఉంటుంది. ఎసరు చూసుకోకుండా బియ్యం పోసినవాళ్ళు, ఆది జాకెట్టు లేకుండా గుడ్డ కత్తిరించినవాళ్ళు, శుభలేఖ తిరగేసి చూడకుండా పెళ్ళికి బయల్దేరినవాళ్ళు, మనమంతా ఒక్క ఇంటివాళ్ళమే.

నాది స్వెట్టరు కథ.

మాది మంగళగిరి. గుంట మగ్గం ఉన్న ఇంట్లో పుట్టాను. నడక రాకముందే మాకు పోగులు లెక్కపెట్టడం వచ్చేదంటే కాస్త ఎక్కువ చెప్పినట్టే గానీ, పూర్తి అబద్ధం మాత్రం కాదు. నాన్న పడుగు వెయ్యాలంటే ముందు గోడ మీద సుద్దముక్కతో లెక్క రాసేవాడు. అంగుళానికి ఎన్ని పోగులు, చీర పన్నా ఎంత, మొత్తం ఎన్ని పోగులు కావాలి, దానికి ఎన్ని చిలపల నూలు పడుతుంది. ఈ నాలుగూ తేలేదాకా ఆసు ముట్టుకునేవాడు కాదు. "మగ్గం ఎక్కిన పడుగు మన మాట వినదమ్మా, ఎక్కకముందే అన్నీ మాట్లాడేసుకోవాలి" అనేవాడు.

నూలు కౌంటు సంగతి కూడా ఆయనే చెప్పాడు. 840 గజాల చిలపలు పౌను బరువుకు ఎన్ని తూగితే ఆ నూలు అన్ని కౌంటు. మా ఊరి చీరకు వాడే 80 కౌంటు నూలు పౌనుకు 80 చిలపలు వస్తుంది. 40 కౌంటుదైతే 40 చిలపలే. బరువు అదే, పొడుగు సగం. అందుకే నంబరు పెరిగేకొద్దీ దారం సన్నబడుతుంది. ముందు లెక్క చూసుకోవాలి, బరువుని కాదు పొడుగుని చూడాలి. ఈ రెండు ముక్కలూ నాకు ఆరో ఏటికే తెలుసు. అరవయ్యో ఏట అవసరం పడినప్పుడు రెండూ గుర్తుకు రాలేదు.

పెళ్ళయ్యాక 1984లో ఢిల్లీ వెళ్ళాం. మా వారిది కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం, ఆర్.కె.పురంలో క్వార్టరు. గుంటూరు జిల్లా ఎండలకు అలవాటుపడ్డ ఒంటికి ఆ చలి ఎలా ఉండేదంటే, పళ్ళు తోముకుంటుంటే చిగుళ్ళు కూడా ఏడ్చేవి. మధ్యాహ్నం పూట ఆడవాళ్ళంతా ఎండలో మంచాలు వాల్చుకుని, వేరుశెనక్కాయలు ఒలుచుకుంటూ, ఒళ్ళో ఊలు ఉండలు పెట్టుకుని అల్లేవాళ్ళు. చూపు మాటల మీద, చేతులు సూదుల మీద. పక్కింటి పంజాబీ ఆంటీ నన్ను కూర్చోబెట్టి సీదా, ఉల్టా నేర్పింది. అంచుకి పన్నెండో నంబరు సూది, ఒంటికి పదో నంబరు. టేపు ముట్టుకునేది కాదు. అల్లుతున్న ముక్కని వాళ్ళాయన వీపుకి ఒకసారి ఆనించి చూసి, "టీక్ హై" అనేది. అంతే, స్వెట్టరు అచ్చు గుద్దినట్టు వచ్చేది.

అక్కడే నేను పాఠం తప్పుగా నేర్చుకున్నాను. ఆవిడ కొలవదు కాబట్టి గొప్పది అనుకున్నాను. ఆవిడ ఇరవయ్యేళ్ళుగా అదే లూధియానా ఊలు, అవే సూదులు, ఆ ఇంట్లోని అవే అయిదు ఒళ్ళకు అల్లుతోంది. కొన్ని వేల వరసల కొలత ఆవిడ చేతిలోకి ఇంకిపోయింది. నేను మాత్రం ఆ చెయ్యి వదిలేసి, టేపు ముట్టకపోవడం ఒక్కటే పట్టుకున్నాను. మనమంతా పెద్దవాళ్ళ దగ్గర ముందు నేర్చుకునేది ఇలాంటివే కదా. ఉప్పు చూడకుండా వేసే అమ్మ చెయ్యి చూస్తాం, ఆ చేతి వెనకున్న నలభై ఏళ్ళ వంట చూడం.

తర్వాత ఎన్ని అల్లానో లెక్కలేదు. అందరూ ఒకటే మాట: "కొలవకుండానే ఎలా అల్లుతారండీ!" ఆ మాట వింటే నాకు కడుపు నిండిపోయేది. నిజం ఏమిటంటే ఆ మాట కోసమే టేపుని డబ్బా అడుగున దాచాను.

మేం రిటైరై విజయవాడ వచ్చేశాం. అమ్మాయి, అల్లుడు షికాగోలో ఉంటారు. ఒకసారి శీతాకాలం అక్కడికి వెళ్ళాల్సి వచ్చింది. అల్లుడికి నా చేత్తో స్వెట్టరు అల్లి పట్టుకెళ్ళాలనిపించింది. అమ్మాయి అక్కడి డిజైను ఒకటి పంపి, ఫోన్లో చదివి వినిపించింది.

"అమ్మా, ఆయన ఛాతీ 40 అంగుళాలు. వదులుకి 4 కలిపి స్వెట్టరు 44 రావాలి. ఎనిమిదో నంబరు సూదులు. 4 అంగుళాలకు 18 కుట్లు పడాలిట. ముందు చిన్న ముక్క అల్లి కొలుచుకోమని మరీ మరీ రాశారు."

"నువ్వు పుట్టకముందు నుంచీ అల్లుతున్నానే. ముక్కలు అల్లుకుంటూ కూర్చునే ఓపిక నాకు లేదు" అన్నాను.

ఆ ముక్కకి రెండు గంటలు పట్టేది. దాన్ని తప్పించుకోబోయి నేను పోగొట్టుకున్నది నాలుగు నెలలు.

విజయవాడలో కొట్టుకి వెళ్ళి ఎనిమిదో నంబరు సూదులు అడిగాను, ఇచ్చారు. డిజైనులో 600 గ్రాముల ఊలు అని ఉంది. 100 గ్రాముల ఉండలు ఆరు తీసుకున్నాను. ఉండకి చుట్టిన చీటీని చదవలేదు. మొదలుపెట్టాను. రెండో వారానికే అల్లిక తాటాకు చాపలా బిర్రుగా వస్తోంది. "బిర్రుగా ఉంటే చలి దూరదు" అని నాకు నేనే చెప్పుకున్నాను. మా వారు పేపరు చదువుతూ తల పక్కకి తిప్పి "ఎవరికిది, మనవడికా?" అన్నారు. ఆయన మామూలుగానే అడిగారు. నేను రెండు రోజులు మాట్లాడలేదు. కళ్ళకి కనపడుతున్నదాన్ని చేతికున్న గర్వం ఎలా కప్పేస్తుందో అప్పుడు తెలియదు. రెండు నెలల్లో వరసలు లెక్కపెట్టుకుంటూ వీపు, ముందుభాగం, చేతులు పూర్తి చేసి, కలిపి కుట్టి, మడతపెట్టి, కర్పూరం బిళ్ళ కూడా వేసి పెట్టెలో సర్దాను. అర ఉండకు పైగా ఊలు మిగిలింది కూడా. చూశావా నా అంచనా అనుకున్నాను.

డిసెంబరు సెలవులు. అమ్మాయి వాళ్ళింట్లో భోజనాలకి మన తెలుగువాళ్ళే ఇరవై మంది దాకా వచ్చారు. పులిహోర, గుత్తి వంకాయ అయ్యాయి, పాయసం గిన్నెలు చేతుల్లో ఉన్నాయి, అందరూ ఒక్కచోట కూర్చున్నారు, ఇంతకంటే మంచి సమయం దొరకదనుకుని పెట్టె తెరిచి స్వెట్టరు తీశాను, "అబ్బ, చేత్తోనే!" అన్నారెవరో, అక్కడితో ఊరుకోవచ్చుగా, "కొలత కూడా తీసుకోలేదమ్మా, అంతా కంటిచూపే" అన్నాను, ఆ మాట గదికి ఆ చివర కూర్చున్నవాళ్ళకి కూడా వినపడేలా అన్నాను, అల్లుడు లేచి చేతులు పైకెత్తాడు, తల దూరింది, భుజాల దగ్గర ఆగింది, ఇద్దరు లాగారు, దిగింది, చేతులు మణికట్టుకి జానెడు పైన ఆగిపోయాయి, అంచు నడుము దాకా రాలేదు, ఛాతీ మీద ఒక్కో కుట్టూ నోరు తెరిచింది, గదిలో ఒక్కరూ మాట్లాడలేదు, ఎవరి చేతిలోనో చెంచా గిన్నెకి తగిలిన చప్పుడు గుడిగంటలా వినిపించింది.

"బాగుందత్తయ్యా, వెచ్చగా ఉంది" అన్నాడు అల్లుడు. ఆ సాయంత్రమంతా దాన్ని విప్పలేదు. మోచెయ్యి సరిగ్గా మడవడం రాక, కాఫీ కప్పు రెండు చేతులా పట్టుకుని తాగాడు. నవ్వి ఉంటే తేలికయ్యేదేమో. ఆ పిల్లాడి మంచితనం చూసి నాకు గొంతు పట్టేసింది.

రాత్రి అంతా పడుకున్నాక అమ్మాయి తన సూదులు తెచ్చి నా సూదుల పక్కన పెట్టింది. రెండింటి మీదా 8 అనే ఉంది. తనది నాదానికంటే లావుగా ఉంది.

మన దేశంలో అమ్మే సూదులకి పాత బ్రిటిష్ నంబర్లు వాడుక. ఆ లెక్కలో నంబరు పెరిగితే సూది సన్నం. అమెరికా లెక్క దానికి ఎదురు, నంబరు పెరిగితే లావు. మన 8 అంటే 4 మిల్లీమీటర్లు, అమెరికా 8 అంటే 5. మన 6 వాళ్ళ 8కి సమానం, మన 8 వాళ్ళ 6కి సమానం. ఎదురెదురుగా వచ్చే రెండు రైళ్ళు ఒక్క స్టేషన్లో కలిసినట్టు, ఏడో నంబరు దగ్గర మాత్రం రెండూ కలుస్తాయి. ఇద్దరి ఏడూ 4.5 మిల్లీమీటర్లే. బ్రిటిష్ నంబరు అలా తలకిందులుగా ఎందుకుందంటే, అది ఇనప తీగల మందాన్ని లెక్కకట్టే పాత పద్ధతి నుంచి వచ్చింది. నంబరు పెరిగేకొద్దీ తీగ సన్నం. నంబరు పెరిగితే సన్నబడడం! నూలు కౌంటు మధ్య పెరిగిన పిల్లకి ఇంతకంటే తెలిసిన సంగతి ఉంటుందా? మన నంబరు, వాళ్ళ నంబరు ఒకటేనా అని ఒక్క ప్రశ్న వేసుకుంటే పోయేది.

అమ్మాయి కాగితం మీద లెక్క వేసింది. 4 అంగుళాలకు 18 కుట్లంటే అంగుళానికి 4.5. చుట్టూ 44 అంగుళాలు రావాలంటే 198 కుట్లు. నేను వేసినవీ 198 కుట్లే. కానీ నా సన్న సూది మీద 4 అంగుళాలకు 22 పడ్డాయి, అంటే అంగుళానికి 5.5. 198ని 5.5తో భాగిస్తే 36. 40 అంగుళాల ఛాతీకి 36 అంగుళాల స్వెట్టరు. వరసలు కూడా అలాగే దగ్గర దగ్గరగా పడ్డాయి కాబట్టి పొడుగూ తగ్గింది. ఆ కాగితం చూస్తుంటే నాన్న సుద్దముక్క కళ్ళ ముందు కదిలింది. ఇది ఆయన గోడ మీద రాసిన లెక్కే. అంగుళానికి ఎన్ని, వెడల్పు ఎంత, మొత్తం ఎన్ని. అల్లికవాళ్ళు దీన్నే గేజ్ అంటారు. పేరు వేరైనా అది మా ఇంటి విద్యే.

మర్నాడు పొద్దున్నే కుట్లు విప్పడం మొదలుపెట్టాను. ఊలులో ఒక గొప్పతనం ఉంది. మగ్గం మీద నేసింది వెనక్కి రాదు గానీ, అల్లింది కొస పట్టుకుని లాగితే వచ్చేస్తుంది. విప్పిన ఊలు సేమియాలా వంకర్లు తిరిగి ఉంటుంది. అలాగే అల్లితే కుట్లు సమంగా పడవు. కుర్చీ వీపుకి చుట్టి చిలపలు కట్టాను, చిక్కుపడకుండా నాలుగు చోట్ల వదులుగా ముడేశాను, గోరువెచ్చని నీళ్ళలో కాసేపు నానబెట్టి, ఒత్తి నీరు తీసి, దండెం మీద వేశాను. ఆరేసరికి వంకర్లు పోయాయి. ఈ మొత్తం వ్యవహారంలో నేను సరిగ్గా చేసిన పని ఇదొక్కటే. ఇది కూడా అమ్మ చిలపలు తడిపి ఆరబెట్టడం చూసిన చూపే.

ఈసారి 5 మిల్లీమీటర్ల సూదులు. ఈసారి ముక్క కూడా అల్లాను. ఉతక్కముందు కొలిస్తే 4 అంగుళాలకు 19 కుట్లు. ఇంకా లావు సూది కావాలేమో అనుకున్నాను. "ఉతికి చూడమ్మా" అంది అమ్మాయి. ఉతికి, పరిచి ఆరబెట్టాక కొలిస్తే సరిగ్గా 18. ఉతక్కుండా సూది మార్చి ఉంటే, స్వెట్టరు మొదటి ఉతుకు దాకా బాగానే ఉండి, ఆ తర్వాత వదులై వేలాడేది.

ఇక గండం గడిచిందనుకున్నాను. కానీ మొదటి తప్పు ఇంకో తప్పుని ఇన్నాళ్ళూ దాచిపెట్టింది. అదే కుట్లు, అవే వరసలు, కాకపోతే ఈసారి ఒక్కో కుట్టూ పెద్దది. కుట్టు పెద్దదైతే దారమూ ఎక్కువ తింటుంది. రెండో చెయ్యి మణికట్టు దగ్గర మొదలెట్టి మోచేతి దాకా వచ్చేసరికి ఊలు అయిపోయింది. అప్పుడు చదివాను ఉండ చీటీ. డిజైనువాళ్ళ ఊలు 100 గ్రాములకు 200 మీటర్లు, 600 గ్రాములకు 1,200 మీటర్లు. నేను కొన్నది 100 గ్రాములకు 180 మీటర్లే. ఆరు ఉండలు కలిపి 1,080. నేను బరువు కొన్నాను, స్వెట్టరుకి కావలసింది పొడుగు. పొట్టి స్వెట్టరు కాబట్టి మొదటిసారి మిగిలిన అర ఉండని చూసి నా అంచనాకి నేనే మురిసిపోయాను కూడా.

విజయవాడలో మా చెల్లెలికి ఫోన్ చేశాను. అదే కొట్టుకి వెళ్ళి అదే రంగు కొని, షికాగో వస్తున్నవాళ్ళ చేత పంపింది. పాపం, "అక్కా, నంబరు కూడా చూసి తెచ్చాను" అంది. రంగు నంబరు సరే. చీటీ మీద ఇంకో నంబరు ఉంటుంది, లాట్ నంబరు. ఏ రోజు తొట్టిలో అద్దకం వేశారో ఆ గుర్తు. ఒక్కో తొట్టికీ ఛాయ వెంట్రుకవాసి మారుతుంది. అద్దకం వేసిన చిలపల్ని నాన్న కలిపి కట్టేవాడు కాదు, ఏ తొట్టిదా తొట్టిదే. కొత్త ఉండని పాత ఊలు పక్కన పెట్టి దీపం వెలుగులో చూశాను, ఒకటేలా ఉంది. చెయ్యి పూర్తి చేసి, మెడపట్టీ వేసి, పొద్దున్నే కిటికీ దగ్గరికి తెచ్చాను. మోచేతి కింద ఒక నీలం, పైన ఇంకో నీలం.

ఈసారి విప్పలేదు. అల్లుడు విప్పనివ్వలేదు. "సరిపోయింది కదత్తయ్యా, నాకిదే కావాలి" అన్నాడు. ఒళ్ళు సరిగ్గా 44 వచ్చింది.

అప్పటి నుంచి నా పద్ధతి మారింది. మీరు స్వెట్టరు అల్లినా, పాపాయికి టోపీ అల్లినా ఉపయోగపడుతుంది కాబట్టి ఉన్నదున్నట్టు చెబుతాను.

సూది నంబరు అడగను, మిల్లీమీటర్లు అడుగుతాను. అది ఏ దేశంలోనైనా ఒకటే. పాత సూదుల మీద అంకెలు అరిగిపోతే కొలవడానికి చిల్లుల పలక దొరుకుతుంది, సూది ఏ చిల్లులో సరిగ్గా పడితే అదే దాని కొలత. ఊలు కొట్లో ముందు మీటర్లు చూస్తాను. డిజైనుకి కావలసిన మొత్తం మీటర్లని ఉండలో ఉన్న మీటర్లతో భాగిస్తాను. 1,200ని 180తో భాగిస్తే ఆరున్నర పైచిలుకు, అంటే ఏడు ఉండలు. దాని మీద ఒకటి ఎక్కువ, ఎనిమిది. ఎనిమిదింటి మీదా లాట్ నంబరు ఒకటేనా అని కొట్లోనే నిలబడి చూస్తాను. కొట్టతను విసుక్కున్నా సరే. ఒక చీటీని పని పూర్తయ్యేదాకా దాస్తాను. ఒకే లాట్ దొరక్కపోతే, రెండు వరసలు ఒక ఉండతో, రెండు వరసలు ఇంకో ఉండతో కలుపుతూ అల్లితే తేడా కంటికి ఆనదు. మొదట్లోనే తెలిస్తేనే ఆ పని చేయగలం, మోచెయ్యి దగ్గర కాదు.

ముక్కని 4 అంగుళాలకే ఆపను, ఆరంగుళాల చదరం అల్లుతాను. అంచు కుట్లు ఎప్పుడూ లాక్కుపోయి ఉంటాయి, అందుకని నడిమి నాలుగంగుళాలే కొలుస్తాను. ఏ సూదులతో, ఏ అల్లికతో బట్ట వస్తుందో వాటితోనే అల్లుతాను. వెదురు సూది మీద ఒకలా, ఇనప సూది మీద ఒకలా చెయ్యి నడుస్తుంది. బట్టని ఎలా ఉతుకుతారో ముక్కనీ అలాగే ఉతికి, పరిచి, పూర్తిగా ఆరాక, సాగదీయకుండా గట్టి స్కేలు పెట్టి కొలుస్తాను. అర కుట్టుని కూడా వదలను. 18 బదులు 18న్నర వస్తే, 198 కుట్లకి 44 అంగుళాలు కాస్తా 43 లోపుకి దిగిపోతుంది. కుట్లు ఎక్కువ పడితే లావు సూది, తక్కువ పడితే సన్న సూది తీసుకుంటాను. చెయ్యి వదులు చేసి సరిపెడదామని మాత్రం చూడను. గంట పోయాక చెయ్యి తన అలవాటుకే వచ్చేస్తుంది.

ఇప్పుడెవరైనా "కొలవకుండానే అల్లుతారా?" అంటే, "లేదమ్మా, కొలిచే అల్లుతాను" అంటున్నాను. ఆ మాట పైకి అనడానికి నాకు అరవయ్యేళ్ళు పట్టింది. కొలవడమంటే చేతకానివాళ్ళ పని అని ఎందుకనుకున్నానో. మా నాన్న జీవితాంతం కొలిచే నేశాడు, ఆయన చేతిలో తప్పిన చీర నేను చూడలేదు.

మీరు ఈ శీతాకాలం ఎవరికైనా అల్లబోతుంటే, వాళ్ళ మీద ప్రేమ ఎంతుందో నాకు తెలుసు. ఆ ప్రేమ తొందరపెడుతుందని కూడా తెలుసు. సూదులు చేతికి తీసుకున్న మొదటి రోజు సాయంత్రం స్వెట్టరు మొదలుపెట్టకండి. ఆరంగుళాల ముక్క అల్లి, ఉతికి, ఆరేసి పడుకోండి. మర్నాడు స్కేలు తీసుకోండి.